ఈమ్యాక్స్‌లో తెలుగు, దేవనాగరి కలిసిన ఫైలు ఉండుండి హ్యాంగ్ అవుతోంది

ప్రశ్న:
విండోస్‌లో ఈమ్యాక్స్ 29 అనే టెక్స్ట్ ఎడిటర్ వాడుతున్నాను. దేవనాగరిలో శ్లోకం, దాని కింద తెలుగు తాత్పర్యం, అక్కడక్కడ ఇంగ్లీషు వివరణ ఉన్న ఒక పెద్ద ఆర్గ్ ఫైలులో (ఈమ్యాక్స్‌లో నోట్సు రాసుకునే ఫైలు రకం) పని చేస్తున్నప్పుడు మాత్రమే ఎడిటర్ ఉండుండి కొన్ని సెకన్లు ఆగిపోతోంది. ఆ వ్యవధిలో నొక్కిన అక్షరాలన్నీ తరువాత ఒక్కసారిగా వచ్చి పడుతున్నాయి. ఇంతకంటే పెద్దవైన ప్రోగ్రాం ఫైళ్లతో ఏ ఇబ్బందీ లేదు. వరుసలు మరీ పొడవుగా ఉన్నాయా అని చూశాను, లేవు. గార్బేజ్ కలెక్షన్ (వాడకం అయిపోయిన మెమరీని ఈమ్యాక్స్ శుభ్రపరచడం) పరిమితిని బాగా పెంచమని చాలామంది సలహా ఇస్తున్నారు. పెంచిన తరువాత ఆగడం అరుదైంది గాని, ఆగినప్పుడు మునుపటికంటే ఎక్కువసేపు ఆగుతోంది.

సమాధానం:
ఆ సలహాతో వచ్చే చిక్కే అది. మామూలుగా 64 బిట్ యంత్రంలో సుమారు 8 లక్షల బైట్లు ఖర్చయ్యాక మొదలయ్యే శుభ్రపరిచే పని, పరిమితి పెంచితే వాయిదా పడుతుందే తప్ప తగ్గదు. దానిని తిరిగి మునుపటి విలువకే తెచ్చి, ముందుగా మీ సెట్టింగులేవీ లోడు కాకుండా మైనస్ క్యూ (-Q) ఆప్షన్‌తో ఈమ్యాక్స్‌ను తెరిచి చూడండి. అప్పటికీ ఆగుతుంటే ప్యాకేజీల మీద అనుమానం అక్కర్లేదు. ఆ తరువాత గార్బేజ్-కలెక్షన్-మెసేజెస్ అనే వేరియబుల్‌ను ‘టి’ (అంటే అవును) చేసి, ఆగిన ప్రతిసారీ అట్టడుగు వరుసలో ఏ సందేశం కనబడుతోందో, అప్పుడు మీరు స్క్రోల్ చేస్తున్నారో, టైపు చేస్తున్నారో, ఊరకే ఉన్నారో గమనించి రాయండి. ఫైలు ఏ డ్రైవులో ఉందో కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
మైనస్ క్యూతో తెరిచినా ఆగుతోంది. శ్లోకాల మీదుగా స్క్రోల్ చేసేటప్పుడు గార్బేజ్ కలెక్షన్ సందేశం మాటిమాటికీ వస్తోంది. టైపు చేయడం ఆపి ఆలోచిస్తూ కూర్చుని, మళ్లీ మొదలుపెట్టబోయేసరికి మాత్రం ఆటో-సేవింగ్ అని కనబడి అక్కడే నిలిచిపోతోంది. ఫైలు ఆఫీసు షేర్డ్ ఫోల్డరులో ఉంది. ఇంటి నుంచి వీపీఎన్ ద్వారా తెరుస్తాను.

మరొకరి సమాధానం:
అయితే ఇవి రెండు వేర్వేరు జబ్బులండి. ఒకే మందు వెతకడం వల్లనే ఇంతకాలం తెగలేదు.

మొదటిది ఫాంట్లది. గార్బేజ్ కలెక్షన్ జరిగినప్పుడల్లా ఈమ్యాక్స్ తాను తెరిచి ఉంచుకున్న ఫాంట్ల క్యాషెను (తాత్కాలిక నిల్వను) కూడా కుదిస్తుంది. రెండు మూడు లిపులు ఒకే తెర మీద ఉంటే, అలా తీసేసిన పెద్ద ఫాంట్లను తెర గీయడానికి మళ్లీ తెరవాలి. తెరవడానికి మెమరీ ఖర్చవుతుంది, ఆ ఖర్చు మరో గార్బేజ్ కలెక్షన్‌కు దారి తీస్తుంది. ఇన్‌హిబిట్-కంపాక్టింగ్-ఫాంట్-క్యాషెస్ వేరియబుల్‌ను ‘టి’ చేస్తే ఈ చక్రం తెగుతుంది. బదులుగా మెమరీ వాడకం కొంత పెరుగుతుంది. దానితోపాటు సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్ ద్వారా తెలుగుకూ దేవనాగరికీ ఫలానా ఫాంట్ అని నిర్ణయించండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐలో రెండు లిపులూ ఉన్నాయి కనుక ఒక్కటే సరిపోతుంది.

రెండవది నెట్‌వర్కుది. సుమారు 300 కీలు నొక్కాక గాని, 30 సెకన్లు ఖాళీగా ఉంటే గాని ఈమ్యాక్స్ ఆటో-సేవ్ చేస్తుంది. ఆ నకలును అసలు ఫైలున్న ఫోల్డరులోనే రాస్తుంది కనుక, వీపీఎన్ నెమ్మదిగా ఉంటే రాయడం పూర్తయ్యేదాకా మిగతా పనంతా ఆగుతుంది. ఆటో-సేవ్-ఫైల్-నేమ్-ట్రాన్స్‌ఫార్మ్స్‌తో ఆ నకళ్లను మీ కంప్యూటరులోని ఫోల్డరుకు మళ్లించండి. ఆటో-సేవ్‌ను మొత్తంగా ఆపేయమని నేను చెప్పను, కరెంటు పోయిన రోజున దాని అవసరం తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండూ చేశాను. స్క్రోలింగ్ సాఫీగా సాగుతోంది, ఖాళీగా ఉన్నాక వచ్చే ఆగుడు కూడా పోయింది. సేవ్ చేసిన తరువాత నొక్కే మొదటి అక్షరం దగ్గర మాత్రం ఇంకా చిన్న తడబాటు ఉంది.

మరొకరి సమాధానం:
అది లాక్ ఫైలు (ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి మార్చబోతే హెచ్చరించడానికి పెట్టే చిన్న ఫైలు) వల్ల. మార్పు మొదలుకాగానే ఈమ్యాక్స్ అదే షేర్డ్ ఫోల్డరులో దానిని సృష్టిస్తుంది. ఆ ఫైలును మీరొక్కరే దిద్దేటట్లయితే క్రియేట్-లాక్‌ఫైల్స్‌ను ‘నిల్’ (అంటే కాదు) చేయవచ్చు. సహోద్యోగులు కూడా తెరుస్తుంటే ఆ తడబాటును అలాగే ఉండనివ్వండి.