పిల్ల ఎలుకల ఫిట్స్ చూసి మన పిల్లల సంగతి తేల్చేయొచ్చా?

చీపురుపల్లి నాన్న:
మా గుంటడికి ఏడాదిన్నర. పోయిన వారం జ్వరం ఎక్కువై రెండు నిమిషాలు ఫిట్స్ వచ్చాయి. డాక్టరుగారు మెదడుకేం కాదన్నారు. మా బావమరిదేమో, మందుతో ఫిట్స్ తెప్పించిన పిల్ల ఎలుకలకు పెద్దయ్యాక జ్ఞాపకశక్తి తగ్గిందని చదివాడట. ఇంట్లో ఒకటే టెన్షన్. ఎవరి మాట నమ్మాలి?

గరివిడి వెటర్నరీ విద్యార్థి:
కంగారు పడకండి అన్నా. పెద్ద ఎలుకకు కైనిక్ ఆమ్లం ఇస్తే గంటల తరబడి ఫిట్స్ వచ్చి, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో కణాలు చచ్చిపోతాయి. అదే రెండు వారాల లోపు పిల్లకు ఇస్తే, ఫిట్స్ తీవ్రంగానే వచ్చినా అక్కడి కణాలు దాదాపు చావవు. లేత మెదడు తట్టుకుంటుంది.

నరసన్నపేట ఫార్మసిస్టు:
తమ్ముడూ, కణాలు చావలేదు కాబట్టి నష్టమే లేదనకు. హోమ్స్ అనే పరిశోధకుడి బృందం 1998లో ప్రచురించిన ప్రయోగం చూడు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఫ్లూరోథిల్ ఆవిరితో పదేపదే ఫిట్స్ తెప్పించారు. కణాలు చావలేదు. కానీ పెద్దయ్యాక నీటి తొట్టిలో మునిగి ఉన్న గట్టును వెతుక్కోవడంలో అవి వెనకబడ్డాయి. నరాల తీగలు ఉండకూడని చోట మొలిచాయి. మళ్లీ ఫిట్స్ వచ్చే గుణం పెరిగింది. లెక్కపెడితే కణాలన్నీ ఉన్నాయి, అల్లిక మారిపోయింది. లేత మెదడు కణాల్లో క్లోరైడ్ ఎక్కువ. అందుకే పెద్దల్లో బ్రేకు వేసే గాబా రసాయనం అక్కడ రెచ్చగొట్టగలదు.

బొబ్బిలి టీచరు:
పసి ప్రాణులకు కావాలని ఫిట్స్ తెప్పించడం పాపం కాదా?

నరసన్నపేట ఫార్మసిస్టు:
ఆ బాధ నాకూ ఉంది టీచరుగారూ. కానీ ఈ ప్రశ్నకు పసిబిడ్డల మీద ప్రయోగం చేయలేం కదా.

గరివిడి వెటర్నరీ విద్యార్థి:
అల్లిక మాట ఒప్పుకుంటున్నా. అయితే మందుల సంగతీ చెప్పాలి. ఫినోబార్బిటాల్, వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ ఆపే మందులే వారం వయసు ఎలుక పిల్లల మెదడు కణాలను చంపినట్టు 2002లో తేలింది. ఒక్కసారి జ్వరం ఫిట్స్ వచ్చిందని భయంతో రోజూ మందు వేయించమనడం తప్పు.

నరసన్నపేట ఫార్మసిస్టు:
అక్కడ నేనూ నీతోనే. నాన్నగారూ, ఆ ఎలుకలకు వచ్చినవి జ్వరం ఫిట్స్ కావు, ఒక్కసారితో ఆగినవీ కావు. మీ బాబుకు రెండు నిమిషాలే, కాబట్టి డాక్టరుగారి మాటే నమ్మండి. మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి, నోట్లో ఏమీ పెట్టకండి. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకో మాట. 1934లో బుడాపెస్ట్‌లో మెదూనా అనే డాక్టరు మానసిక రోగులకు ఫిట్స్ తెప్పించడానికి మొదట ఎక్కించింది కర్పూరమే. తర్వాత ఆయన వాడిన పెంటిలీన్‌టెట్రజోల్ అనే మందును ఫిట్స్ తెప్పించడానికి ఇప్పటికీ ఎలుకల మీద వాడుతున్నారు. ఇంట్లో కర్పూరం బాబుకు అందకుండా చూడండి.

చీపురుపల్లి నాన్న:
జలుబని మా అమ్మ రోజూ కర్పూరం నూనె గుండెకు రాస్తోంది. ఇప్పుడే తుడిచేసి, సీసా పైకి పెట్టేశాను. రేపు డాక్టరుగారికీ చెప్తాను.