రాయబారి అధ్యక్షుడయ్యాడా, దౌత్యాధికారి అధ్యక్షుడయ్యాడా?

గ్రూప్స్ నోట్సు తమ్ముడు:
అందరికీ నమస్కారమండీ. పోటీ పరీక్షల కోసం కరెంట్ అఫైర్స్ నోట్సు తెలుగులో రాస్తున్నాను. సైప్రస్ దగ్గర ఒక వాక్యం తెగడం లేదు. "రాయబారిగా జీవితం మొదలుపెట్టిన నికోస్ క్రిస్టోడౌలిడిస్ 2023లో విభజిత ద్వీప దేశం సైప్రస్‌కు అధ్యక్షుడయ్యారు" అని రాశాను. మా ఎడిటర్ గారు 'రాయబారి' కొట్టేసి 'దౌత్యవేత్త' అని పెట్టారు. రెండూ ఒకటే కదండీ అంటే కాదన్నారు, ఎందుకు కాదో మాత్రం చెప్పలేదు. 'విభజిత' మీద కూడా ఎర్ర గీత పెట్టారు. రేపటికి ప్రింటుకి వెళ్లాలి, ఒకటే టెన్షన్. ఏది ఉంచాలి?

పత్రికల పాత కాపు:
తమ్ముడూ, మాట సంగతి తర్వాత చూద్దాం, ముందు మనిషి ఏం చేశాడో చూడు. ఈయన 1973 డిసెంబరులో పాఫోస్ పక్కనున్న యెరోస్కిపూ అనే ఊళ్లో పుట్టారు. 1999లో విదేశాంగ శాఖలో చేరారు. లండన్‌లోని సైప్రస్ హైకమిషన్‌లో కాన్సల్ జనరల్‌గా, ఏథెన్స్ ఎంబసీలో రాయబారి తర్వాతి స్థానంలో పనిచేశారు. 2012లో యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ అధ్యక్ష బాధ్యత ఆరు నెలలు సైప్రస్‌కి వచ్చినప్పుడు బ్రస్సెల్స్‌లో అధికార ప్రతినిధి. 2013 నుంచి అధ్యక్షుడు అనస్తాసియాడిస్ దగ్గర దౌత్య కార్యాలయం డైరెక్టరు. 2014 నుంచి దాంతోపాటు ప్రభుత్వ ప్రతినిధి కూడా. 2018లో విదేశాంగ మంత్రి అయ్యి, 2022 జనవరిలో రాజీనామా చేసి ఎన్నికల బరిలో దిగారు.

ఈ వరసలో రాయబారి అనే కుర్చీ ఎక్కడుందో చూపించు. లేదు. మన పత్రికల్లో రాయబారి అంటే ఒక దేశంలో మన ఎంబసీకి పెద్ద. ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లందరూ రాయబారులు కారు, కలెక్టరాఫీసులో ఉన్నవాళ్లందరూ కలెక్టర్లు కానట్టే. కాబట్టి మీ ఎడిటర్ గారు కొట్టేయడం సబబే.

తమాషా ఏమిటంటే, ఆ మాటకి నిజంగా తగినాయన ఓడిపోయారు. 2023 ఫిబ్రవరి 12న జరిగిన రెండో విడతలో ఈయనతో తలపడిన ఆండ్రెయాస్ మావ్రోయన్నిస్ ఫ్రాన్స్‌లో రాయబారిగా, ఐక్యరాజ్యసమితిలో, యూరోపియన్ యూనియన్‌లో శాశ్వత ప్రతినిధిగా చేసిన మనిషి. ఆపైన దీవిలో గ్రీకు మాట్లాడే గ్రీకు సైప్రియట్ల తరఫున, ఉత్తరాన ఉన్న టర్కిష్ సైప్రియట్లతో ఏళ్ల తరబడి సంధి చర్చలు నడిపారు. ఆయన వెనక వామపక్షం అకెల్ నిలబడింది. క్రిస్టోడౌలిడిస్‌కి 51.97 శాతం, ఆయనకి 48.03 శాతం వచ్చాయి. అంటే నీ వాక్యాన్ని రాసినది రాసినట్టు పరీక్షలో అడిగితే, తెలిసినవాడు ఓడినాయన పేరు పెట్టినా తప్పనలేం.

బందరు మాస్టారు:
'రాయబారి' తీసేయడం వరకు ఒప్పుకుంటాను. 'దౌత్యవేత్త' మాత్రం నాకు రుచించదు. వేత్త అంటే ఎరిగినవాడు. శాస్త్రవేత్త, న్యాయవేత్త, తత్త్వవేత్త అన్నప్పుడు ఆ విద్యలో తలపండినవాడనే గౌరవం ఆ మాటలోనే ఉంది. విదేశాంగ శాఖలో నిన్న చేరి వీసా కాగితాల మీద ముద్ర వేసే కుర్రాడు కూడా మన పత్రికల్లో దౌత్యవేత్తే. ఎవరైనా ఇద్దరు కాన్సులేటు ఉద్యోగుల్ని ఒక దేశం వెళ్లగొడితే "ఇద్దరు దౌత్యవేత్తల బహిష్కరణ" అని శీర్షిక. ఉద్యోగానికి ఉద్యోగపు మాట వాడాలి. దౌత్యాధికారి అంటే సరిపోతుంది. అతగాడు వేత్త అవునో కాదో చదివినవాళ్లు తేల్చుకుంటారు.

ఇక 'రాయబారి'ని మరీ ఎంబసీ గేటు లోపల కట్టేయకండి. మన నోట్లో దాని బతుకు వేరు. పెళ్లి సంబంధాలకి రాయబారాలు నడుస్తాయి, అన్నదమ్ముల పొలం తగాదాకి మేనమామ రాయబారం వెళ్తాడు. కృష్ణరాయబారం నాటకం తెల్లవార్లూ చూసిన ఊళ్లు మనవి. అక్కడ రాయబారి అంటే పదవి కాదు, పని. ఇద్దరి మధ్య తెగని మాటని తెంచడానికి వెళ్లేవాడు.

ఆ పనిలో మెట్లు కూడా పాతవే. కౌటిల్యుడు దూతల్ని మూడు రకాలు చేశాడు. అప్పటికప్పుడు తానే నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాడు నిసృష్టార్థుడు. ఇంతవరకే మాట్లాడాలి అని హద్దు ఉన్నవాడు పరిమితార్థుడు. ఉత్తరం ఇచ్చి వచ్చేవాడు శాసనహరుడు. ఇప్పటి ఎంబసీలకి ఈ మాటలు తెచ్చి తగిలించమని నేననను, నోరు తిరగదు. కానీ తేడా తెలిసి ఉండాలి.

పత్రికల పాత కాపు:
మాస్టారూ, దౌత్యాధికారి మాటకి నా ఓటు కూడా. పైగా మీరు చెప్పిన మూడు మెట్లూ సైప్రస్‌కి ఎంత అతుకుతాయో చూడండి.

మామూలు దేశంలో అధ్యక్షుడు ఇంట్లో కూర్చుని దూతని పంపుతాడు. సైప్రస్‌లో అధ్యక్షుడే వెళ్లి బల్ల ముందు కూర్చోవాలి. సంధి చర్చల గదిలోకి అడుగుపెట్టగానే ఆయన బిరుదు కూడా మారిపోతుంది. ఐక్యరాజ్యసమితి ఆయన్ని ఆ గదిలో 'సైప్రస్ అధ్యక్షుడు' అనదు, 'గ్రీకు సైప్రియట్ నాయకుడు' అంటుంది. ఎదుటివారు 'టర్కిష్ సైప్రియట్ నాయకుడు'. చర్చలు రెండు జనసమూహాల మధ్య గనక ఇద్దరూ సమానంగా కూర్చోవాలని ఈ ఏర్పాటు. బయట ప్రపంచమంతా ఒప్పుకున్న దేశాధినేత లోపల ఒక వర్గపు రాయబారి. దౌత్యం చేసి అధ్యక్షుడైన మనిషి, అధ్యక్షుడయ్యాక మళ్లీ అదే పనికి పోవాలి.

నిసృష్టార్థుడా అంటే అదీ పూర్తిగా కాదు. ఏం ఒప్పుకున్నా జనం ముందు పెట్టాలి. 2004 ఏప్రిల్ 24న, దీవిని మళ్లీ కలపడానికి ఐక్యరాజ్యసమితి తయారుచేసిన అన్నన్ ప్రణాళిక మీద రెండు వైపులా ఒకే రోజు రెఫరెండం పెట్టారు. టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం ఔనన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం కాదన్నారు. అప్పటి అధ్యక్షుడు పాపడోపులోస్ తానే టీవీలోకి వచ్చి వద్దనమని చెప్పారు. సరిగ్గా వారానికి, మే 1న, దీవి కలవకుండానే సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో చేరిపోయింది. తర్వాత 2017లో స్విట్జర్లాండ్‌లోని క్రాన్స్ మోంటానాలో ఇంకోసారి కూర్చున్నారు. ఆ జులైలో అదీ చెదిరింది. అప్పుడు మన క్రిస్టోడౌలిడిస్ ప్రభుత్వ ప్రతినిధి, మావ్రోయన్నిస్ సంధి చర్చల బాధ్యుడు. 2023లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఆ చర్చల వైఫల్యం ఎవరి ఖాతాలో వేయాలన్నది కూడా వాదనలోకి వచ్చింది. నన్నడిగితే ఈ కథలో అసలు విషయం ఇదే, పుట్టిన ఊరు, చదివిన కాలేజీ కాదు.

ఒక్క జాగ్రత్త. ఆయన గెలుపుని దౌత్యం గెలుపుగా రాయకు తమ్ముడూ. ఆయన పెరిగిన అధికార పార్టీ దిసి తన సొంత అధ్యక్షుడు అవెరోఫ్ నెయోఫీతూని నిలబెట్టింది. ఈయన స్వతంత్రుడిగా దిగి, దికో, ఎదెక్ లాంటి మధ్యేవాద పార్టీల మద్దతు తెచ్చుకున్నారు. పార్టీ ఓటు రెండుగా చీలింది. అధికార పార్టీ అభ్యర్థి తొలి విడతలోనే మూడో స్థానానికి పడిపోయారు. డబ్బు పెట్టినవాళ్లకి పాస్‌పోర్టులు ఇచ్చే పథకం 2020లో రచ్చకెక్కి మూతపడింది, ఆ అవినీతి మచ్చ, ధరల మంట కూడా జనం మనసులో ఉన్నాయి.

గ్రూప్స్ నోట్సు తమ్ముడు:
చాలా థాంక్సండీ. మరి 'విభజిత' ఏమైంది? 'ఉత్తర సైప్రస్ దేశం' అని ఒక చోట రాశాను, అదీ చూడండి.

లిమసోల్ అక్క:
నేను ఇక్కడ లిమసోల్‌లో ఇంటిపనికొచ్చి స్థిరపడ్డ తెలుగుదాన్ని. మీ చర్చ చదివి ఊరుకోలేక రాస్తున్నా. తమ్ముడూ, 'ఉత్తర సైప్రస్ దేశం' అని మా యజమానురాలి ముందు అన్నావంటే ఆ రోజు కాఫీ నీకుండదు. ఇక్కడివాళ్లు ఉత్తరాన్ని 'తా కతెహోమెనా' అంటారు, ఆక్రమించిన ప్రాంతాలు అని. అక్కడి ప్రభుత్వాన్ని 'ప్సెవ్దోక్రాతోస్' అంటారు, దొంగ దేశం అని. పేపర్లో రాస్తే కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు. అవతలివాళ్లకి అదే మాట తిట్టు. వాళ్ల లెక్కలో అది 1983 నవంబరు 15న ప్రకటించుకున్న రిపబ్లిక్. దాన్ని గుర్తించింది టర్కీ ఒక్కటే.

రాజధాని నికోసియాలో లెడ్రా వీధి నడిమధ్యలో చెక్‌పోస్టు ఉంటుంది. ఇటు కాగితం చూపించి, నాలుగడుగులు వేసి, అటు మళ్లీ చూపించాలి. ఆ దారి 2008లో తెరిచారు. అంతకుముందు 2003లో మొదటిసారి గేట్లు తెరిచినప్పుడు జనం వరసకట్టి వెళ్లి, 1974లో వదిలేసిన ఇళ్లు చూసుకున్నారట, మా యజమానురాలు ఇప్పటికీ చెబుతుంది.

ఇది మనవాళ్లకి మాటల గొడవ మాత్రమే కాదు. మీ దగ్గర ఏజెంటు ఎవరైనా "సైప్రస్‌లో సీటు, సైప్రస్‌లో పని" అంటే ఏ వైపు సైప్రస్ అని అడగండి. ఉత్తరాన ఎర్జాన్ ఎయిర్‌పోర్టులో దిగితే, ఇటువైపు ప్రభుత్వం దాన్ని చట్టబద్ధమైన ప్రవేశంగా ఒప్పుకోదు. తర్వాత ఇటు రావడం కుదరదు. ఆ ఒక్క పదం రాయకపోతే ఒక పిల్లాడి డబ్బులు పోతాయి.

పత్రికల పాత కాపు:
అక్కా, మీరు చెప్పింది ఆ నోట్సులో ఉండాల్సిన విషయం.

తమ్ముడూ, వార్తలో రాసేటప్పుడు నేనైతే "టర్కీ ఒక్కటే గుర్తించిన ఉత్తర భాగం" అని రాస్తా. కొంచెం పొడవే, కానీ ఎవరి తరఫునా నిలబడదు. 'ఆక్రమిత' రాశావంటే ఒక వైపు చేరావు, 'ఉత్తర సైప్రస్ రిపబ్లిక్' అని ఏ గుర్తూ లేకుండా రాశావంటే రెండో వైపు చేరావు. భద్రతా మండలి 541 తీర్మానం ఆ ప్రకటన చెల్లదంది, అది కూడా పక్కన ఒక ముక్క రాస్తే చాలు.

'విభజిత' మీద ఎడిటర్ గారి గీత సరైనదే అనుకుంటా. విభజించడం అంటే ఎవరో కూర్చుని పంచినట్టు, మన రాష్ట్ర విభజనలా చట్టం చేసి చేసినట్టు వినిపిస్తుంది. సైప్రస్‌ని అలా ఎవరూ పంచలేదు. 1963 డిసెంబరులో నికోసియాలో రెండు వర్గాల మధ్య కొట్లాటలు మొదలయ్యాయి, 1964లో ఐక్యరాజ్యసమితి సైన్యం వచ్చింది, 1974 జులై 15న గ్రీసు సైనిక పాలకులు కుట్ర చేయించి అప్పటి అధ్యక్షుడు మకారియోస్‌ని దించేశారు, అయిదు రోజులకి టర్కీ సైన్యం దిగింది. 'రెండుగా చీలిన దీవి' అను. చీలింది అంటే తెగిపోయింది అన్న అర్థమూ ఉంటుంది, చట్టబద్ధమనే వాసనా ఉండదు.

బందరు మాస్టారు:
చీలిన అనడం బాగుంది. ఇక రెండు భాగాలనీ విడదీసే ఆ మధ్య గీతని ఎవరైనా 'పచ్చగీత' అంటే వెంటనే ఆపండి. 1963లో ఒక బ్రిటిష్ మేజర్ జనరల్ మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీశాడు గనక గ్రీన్ లైన్ అయ్యింది. మా కృష్ణా జిల్లాలో పచ్చ అంటే పసుపు రంగు కూడా. పచ్చచీర అంటే ఏ రంగో ఇంట్లోనే తగాదా. గ్రీన్ లైన్ అనే వదిలేయండి, అందరికీ అర్థమవుతుంది.

గ్రూప్స్ నోట్సు తమ్ముడు:
ఇంకొక్కటి. నికోసియాలో మన దేశం తరఫున ఉన్నాయన్ని భారత రాయబారి అని రాశాను. 2025 జూన్‌లో మన ప్రధాని అక్కడికి వెళ్లిన వార్త కింద.

పత్రికల పాత కాపు:
దిద్దు. సైప్రస్ కామన్‌వెల్త్ దేశం, కాబట్టి అక్కడ మనది హైకమిషన్, అక్కడుండేది హైకమిషనర్. ఇది పరీక్షలో బిట్‌గా అడగదగ్గది. పక్కనే జనరల్ తిమ్మయ్య పేరు కూడా చేర్చు. కొడగు మనిషి. సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి దళాల కమాండరుగా ఉంటూ 1965లో అక్కడే పోయారు, సైప్రస్ ఆయన పేర స్టాంపు వేసింది. ఉత్తరాన 2025 అక్టోబరులో జరిగిన నాయకుడి ఎన్నికలో తుఫాన్ ఎర్హుర్మాన్ సుమారు 63 శాతం ఓట్లతో గెలిచారు. సమాఖ్యగా కలుద్దామనే మనిషి ఆయన. ఇప్పుడు క్రిస్టోడౌలిడిస్‌కి ఎదురుగా కూర్చునేది ఆయనే గనక, ఇద్దరి పేర్లూ ఒకే పేరాలో ఉంచు.

బందరు మాస్టారు:
పేరు కూడా ఒకసారి చూసుకోండి. 'డౌ' అన్నది ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాసింది. గ్రీకులో అక్కడ 'ఉ' పలుకుతుంది, 'క్రిస్తోదులీదిస్' అనడం దగ్గర. క్రిస్తోదులోస్ అంటే క్రీస్తుకి దాసుడు, చివర ఉన్న 'ఇదిస్' వంశాన్ని చెప్పే ప్రత్యయం. మన ఊళ్లో అయితే క్రీస్తుదాసు గారి మనవడు.

గ్రూప్స్ నోట్సు తమ్ముడు:
మాస్టారూ, క్రీస్తుదాసు అంటే మా ఎడిటర్ గారు మళ్లీ ఎర్ర పెన్ను తీస్తారు. పరీక్ష పేపర్లో పత్రికల స్పెల్లింగే వస్తుంది గనక పేరు అలాగే ఉంచుతున్నా. వాక్యం ఇలా మార్చాను: "విదేశాంగ శాఖలో దౌత్యాధికారిగా మొదలై, విదేశాంగ మంత్రిగా పనిచేసిన నికోస్ క్రిస్టోడౌలిడిస్ 2023లో, రెండుగా చీలిన సైప్రస్‌కు అధ్యక్షుడయ్యారు, సంధి చర్చల్లో ఆయన హోదా గ్రీకు సైప్రియట్ నాయకుడు."

లిమసోల్ అక్క:
బాగుంది. ఎర్జాన్ ఎయిర్‌పోర్టు ముక్క కింద బాక్సులో పెట్టడం మర్చిపోకు.