నాన్నగారి తూర్పు ఈఈజీలో కనిపిస్తుందా?

గోదావరిగట్టు:
మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. ఊళ్లో ఆయనకు కుడి ఎడమలతో పనే లేదు. "చెంబు ఉత్తరపు గోడ దగ్గరుంది", "కాస్త తూర్పుకు జరుగు" అంటారు. గత నెల రైల్లో నిద్రపోయి సికింద్రాబాదులో కళ్లు తెరిచారు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఆయనకు దిక్కులు తిరగబడ్డాయి. బాల్కనీలో లేత ఎండ ముఖాన పడుతున్నా "సూర్యుడు పడమట పొడిచినట్టుందమ్మా" అంటున్నారు. రాత్రి తల ఎటు పెట్టి పడుకోవాలో నన్ను అడుగుతున్నారు. ఆయన అలా అడుగుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది. డాక్టరు చూశారు, మతిమరుపు లేదన్నారు. ఈఈజీ, అదే మెదడులోని విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్ష, తీస్తే ఆయన మెదడు ఏ వైపును తూర్పు అనుకుంటోందో తెలుస్తుందా?

తరంగిణి:
పదకొండేళ్లుగా ఈఈజీ తీస్తున్నాను. టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటించాక నేను చెప్పే మొదటి మాట "కదలకండి". పళ్లు బిగిస్తే చాలు, గీతలన్నీ అలుక్కుపోతాయి. కళ్లు మూయిస్తే తల వెనక వైపు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు లేస్తాయి. మూర్ఛ ఆనవాళ్లు వెతుకుతాం గానీ తూర్పు పడమరలు అందులో చదవలేమండీ. చదువుతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

నాడీకణం:
ఆసుపత్రి పరీక్ష వరకు తరంగిణి గారి మాట నిజం. కానీ తల తిప్పిస్తూనే ఈఈజీ తీసిన ప్రయోగం ఉంది. 2024లో బర్మింగ్‌హామ్, మ్యూనిక్ పరిశోధకులు 52 మందిని వేర్వేరు దిశల్లో పెట్టిన తెరల వైపు తల తిప్పమన్నారు, కొన్నిసార్లు కళ్లు మాత్రమే తిప్పమన్నారు. కళ్ల కదలికను, కండరాల అలజడిని వేరు చేశాక కూడా తల దిశకు తగిన సంకేతం మిగిలింది. తల తిరగడానికి కాస్త ముందే అది కనిపించింది! అయితే వాళ్లు చూసింది ఏ తెర వైపు అన్నదే. దానికి మనసు పెట్టుకున్న పేరు తూర్పా పడమరా అన్నది కాదు.

మీ నాన్నగారి విషయంలో నాకు గుర్తొచ్చేది ఎలుకల ప్రయోగం. వాటి మెదడులో తల దిశను పట్టే కణాలను జేమ్స్ రాంక్ 1984లో గుర్తించారు. గుండ్రటి తొట్టి గోడకున్న తెల్ల అట్టను పక్కకు జరిపితే ఆ కణాల దిశ కూడా దాదాపు అంతే జరిగింది. అంటే మెదడు ఒక ఆనవాలును పట్టుకొని దిక్కు సరిచూసుకుంటుంది. నిద్రలో ఆయనకు ఆ ఆనవాలు జారిపోయిందేమో. స్టేషను నుంచి ఇంటికి మెలకువగా ఒకసారి తీసుకురండి.

గోదావరిగట్టు:
నిన్న ఆటోలో వెళ్లివచ్చాం. మలుపు మలుపుకూ ఎండ ఎటుందో చేత్తో చూపిస్తూ వచ్చారు. మా వీధి మొదట్లోని వేపచెట్టు దగ్గర "ఇదీ తూర్పు" అని గట్టిగా అన్నారు, సరిగ్గానే. లిఫ్టులోంచి బయటికి రాగానే మళ్లీ తిరగబడింది. మాది రెండో అంతస్తే. రేపు మెట్లెక్కించి చూస్తాను.