మేధో వైకల్యం ఉన్నవాళ్లతో పనిచేయడానికి సైకాలజీ చదువు దండగా?

చివరి ఏడాది:
సైకాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లతో పనిచేయాలని ఉంది. మా సీనియర్ ఒకావిడ "ఐక్యూ టెస్టు పెట్టి రిపోర్టు రాయడం తప్ప నీకక్కడేం పని, మాటలే రానివాళ్లకి కౌన్సెలింగ్ ఏంటి, స్పెషల్ ఎడ్యుకేషన్ చెయ్యి" అంది. నిజమేనా?

మొహమాటంలేదు:
నిజమే. పక్కనే ఉండి బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్క నేర్పేది టీచర్లూ కేర్ వర్కర్లూ. సైకాలజిస్టు గంటసేపు కూర్చుని 'ఐక్యూ 55' అని రాసి పోతాడు. ఆ అంకెతో ఇంట్లోవాళ్లు ఏం చేసుకోవాలి?

వార్డు నుంచి:
అంకె ఒక్కటే చూసే రోజులు పోయాయండీ. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎమ్-5 (2013), తీవ్రతని ఐక్యూతో కాదు, రోజువారీ పనులు ఎంత సొంతంగా చేసుకోగలరో చూసి చెప్పమంది. ఇక మాటలు రానివాళ్ల సంగతా? నేను చూసిన ఒకాయన, నలభై దాటాయి, ఉన్నట్టుండి తల గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. "వాళ్లంతే" అని నిద్రమాత్ర పెంచారు. ఎప్పుడు కొట్టుకుంటున్నాడు, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఎవరేం చేశారు అని రెండు వారాలు రాసుకుంటూ పోతే, దాదాపు ప్రతిసారీ భోజనం అయ్యాకే! చూస్తే పుచ్చుపన్ను. ఇలా అన్నిటినీ వైకల్యం ఖాతాలో వేసేయడాన్ని డయాగ్నొస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారు. పుట్టుకతోనే ఉండే జన్యు తేడా డౌన్ సిండ్రోమ్; అది ఉన్నవాళ్లకి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు, చిన్న వయసులోనే రావచ్చు, దాన్నీ మొండితనం అనుకుని వదిలేస్తుంటారు.

మొహమాటంలేదు:
పుచ్చుపన్ను కనిపెట్టడానికి పీజీ కావాలా? తినిపించే ఆయాని అడిగితే చెప్పేది.

వార్డు నుంచి:
చెప్పింది కూడా. ఆవిడ మాట ఎవరూ ఫైల్లో ఎక్కించలేదు, మా చార్టు చూశాకే పంటి డాక్టరు దగ్గరికి పంపారు. అన్యాయమే, ఒప్పుకుంటా.

తమ్ముడి అక్క:
మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. నాన్న పోతే వాడితో "ఊరెళ్లారు" అన్నాం. వాడు ఏడవలేదు, తెలియలేదులే అనుకున్నాం. నెలల తరబడి సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో కూర్చునేవాడు, లేపితే కొట్టేవాడు. మొదట చూసిన సైకాలజిస్టు వాడు గదిలో ఉండగానే వాడి గురించి నాతో మాట్లాడాడు, వాడి వైపు చూడనైనా లేదు. రెండో ఆవిడ ఫొటోలు పరిచి, బొమ్మలు గీసి, నాన్న చనిపోయారని, ఇక రారని వాడికే చెప్పింది. ఆ రోజు ఏడ్చాడు. ఇద్దరిదీ ఒకటే డిగ్రీ.

చివరి ఏడాది:
అయితే పీజీకి ముందు ఏడాది కేర్ వర్కర్‌గా చేస్తే?

వార్డు నుంచి:
చెయ్యండి. జీతం తక్కువ, నడుం నొప్పి ఖాయం. కానీ ఆయా చెప్పేది వినడం అలవాటవుతుంది.

మొహమాటంలేదు:
ఏడాది తర్వాత ఇక్కడికే వచ్చి చెప్పండి, అప్పటికీ పీజీ చేయాలనిపిస్తోందో లేదో.