‘నొక్క పోలిక’ అంటే ఏం నొక్కాలి?

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. రెండో తరగతి పిల్లలకు శనివారం పూట బొమ్మల పద్యాల పుస్తకం చదివిస్తుంటాను. మొన్న వేమన పద్యం వచ్చింది.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

ఒక పిల్లాడు ‘నొక్క’ మీద వేలు పెట్టి, “టీచర్, ఏం నొక్కాలి?” అన్నాడు. వాడికి తెలిసిన నొక్కడం ఫోన్లో బటన్ నొక్కడమే. నవ్వొచ్చింది గానీ జవాబు చప్పున తట్టలేదు. “ఆ ‘న’ తీసేసి చదువు” అన్నాను. తీసేసేదైతే పుస్తకంలో ఎందుకు వేశారని పక్క పిల్ల పట్టుకుంది. పిల్లల పుస్తకాల్లో ‘ఒక్క’ అని విడదీసి అచ్చు వేస్తే తప్పేంటండీ?

*జవాబు 1:* ఆ నకారం ‘ఒక్క’ది కాదు మేడమ్, ముందు మాటది. ఉప్పును, కప్పురంబును ఒక్క పోలికన్ ఉండును. ‘కప్పురంబున్’ చివరి పొల్లు (‘న్’) వెళ్లి ‘ఒక్క’ మీద వాలింది. ‘పోలికనుండు’లోనూ అదే పని. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి అదే పాదం మధ్యలో ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు, అది కూడా ఉ, ఒ అచ్చులకే, నకారానికి కాదు. విడదీసి వేస్తే ‘కప్పురంబు’ దగ్గర గొంతు ఆగిపోతుంది, పద్యం కుంటుతుంది. పద్యాన్ని ఉన్నదున్నట్టు వేసి, కింద చిన్న అక్షరాల్లో విడదీసి చూపిస్తే చాలు.

*జవాబు 2:* నేను రిటైరైన పంతుల్ని. అసలు విడదీయడం, అర్థం చెప్పడం తర్వాత సంగతి. ముందు చెమ్మచెక్క ఆడించండమ్మా.

చెమ్మ – చెక్క – చార – డేసి – మొగ్గ. ఐదు చప్పట్లు. ఇప్పుడు అవే చప్పట్ల మీద: చూడ – చూడ – రుచుల – జాడ – వేరు. విశ్వ – దాభి – రామ – వినుర – వేమ. ఒక్క చప్పట ఎక్కువా లేదు, తక్కువా లేదు!

ఈ పద్యం ఆటవెలది అనే ఛందస్సులో ఉంది. అందులో రెండు, నాలుగు పాదాలకు ఐదేసి సూర్యగణాలు. గణం అంటే పద్యంలో ఒక చిన్న ముక్క, మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. ‘చెమ్మ’లాగా గురువు (రెండు మాత్రల అక్షరం), లఘువు (ఒక మాత్ర అక్షరం) అయినా, ‘రుచుల’లాగా మూడు లఘువులైనా సూర్యగణానికి మూడు మాత్రలే. చెమ్మచెక్కకు యతి లేదు, అదొక్కటే తేడా. ఆ పాట కట్టిన అమ్మలక్కలు గణాలు లెక్కపెట్టుకుని కట్టారా? చెవి చెప్పింది, కట్టారు. అందుకే బడికి పుస్తకాలు కొనేటప్పుడు ఆటపాటల పుస్తకం ముందు, నీతిపద్యాలది తర్వాత అంటాను. పద్యం పేరులోనే ఆట ఉంది మరి.

*జవాబు 3:* మాస్టారూ, మీ చప్పట్లు ఒకటో పాదంలో తప్పుతాయి కదా. ఉప్పు – కప్పు – రంబు వరకు సరే. ఆ తర్వాత ‘నొక్కపో’, ‘లికనుండు’ రెండూ ఇంద్రగణాలు, ఐదేసి మాత్రలు. మా పిల్లలు సరిగ్గా అక్కడే తడబడతారు.

*జవాబు 2:* నిజమే. బేసి పాదాలు టీచరు చదవాలి, సరి పాదాలు పిల్లలు వంత పాడాలి. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ కూడా ఇలాగే అందుకుంటారు, చూడండి. వేము అంటే వేప అని ముందే చెప్పండి, లేకపోతే వేమనను తినమంటున్నారా అని అడుగుతారు. నన్ను అడిగారు.

*జవాబు 4:* ఛందస్సు నాకు తెలియదు, బొమ్మ గురించి ఒక మాట. ఈ పద్యానికి చాలామంది హారతి కర్పూరం బిళ్లలు గీస్తారు. బిళ్లకూ ఉప్పుకూ పోలికేముంది? పైగా రుచి అన్నాడు కాబట్టి చక్కెర పొంగలిలో వేసే పచ్చకర్పూరం పలుకులు గీయాలి. పిల్లలకు వాసన చూపించడానికీ అదే నయం, బిళ్ల అయితే నోట్లో వేసుకుంటారని టెన్షన్.

*మళ్లీ నేను:* అందరికీ ధన్యవాదాలు. ఈ శనివారం మాస్టారు చెప్పినట్టే చేశాను. నాలుగు సార్లకు సరి పాదాలు వచ్చేశాయి. ‘నొక్క’ అడిగిన పిల్లాడు ‘జాడ వేరు’ దగ్గర బల్ల మీద గట్టిగా రెండు దెబ్బలు వేస్తున్నాడు. కర్పూరం పలుకులు తెల్ల కాగితం మీద, ఉప్పు ఇంకో కాగితం మీద పెట్టాను. దూరం నుంచి ఎవరూ పోల్చుకోలేకపోయారు.

ఇంకో చిక్కు మాత్రం మిగిలింది. మూడో పాదం నేను చదవగానే ఒక పిల్ల లేచి, “ఆడవాళ్లలో పుణ్యం చేసేవాళ్లు ఉండరా టీచర్?” అంది. పురుషుడంటే ఇక్కడ మనిషి అని చెప్పాను. “మరి మనుషులందు అని రాయొచ్చుగా” అంది. మాస్టారూ, ‘మనుషులందు’ అంటే గణం సరిపోతుంది, యతి పోతుంది. దానికి యతి గురించి ఎలా చెప్పమంటారు?