పంచాయతీలో లెక్కలడిగితే జవాబు లేదు, అప్పీలు ఎవరికి ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. మా ఊరి రామాలయం ముందు వేసిన సిమెంటు రోడ్డు మొదటి వానకే కంకర తేలింది. బిల్లులు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు ఇమ్మని సమాచార హక్కు చట్టం, 2005 కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చాను. ముద్ర వేసిన రసీదు ఉంది. 30 రోజుల గడువు దాటి పది రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు.

పైగా ఊరిపెద్ద ఒకాయన రచ్చబండ దగ్గర మా నాన్నను నిలబెట్టి, "నీ కొడుకు మమ్మల్నే లెక్కలడిగేంతవాడయ్యాడా?" అన్నాడు. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. నాకదే బాధ.

సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలుకు ఇంకో 20 రోజులే ఉంది. అది ఎంపీడీఓకి ఇవ్వాలా, డివిజనల్ పంచాయతీ అధికారికా? రిజిస్టర్ పోస్టులో పంపితే సరిపోతుందా? ఇలా అడిగి నిలబడ్డవాళ్లుంటే, ఇంట్లోవాళ్లకు ధైర్యం ఎలా చెప్పారో కూడా దయచేసి రాయండి.