‘నిర్ణయ వేగం’ అంటే సరిపోతుందా?

విమానాల టేకాఫ్ గురించిన వ్యాసం ఒకటి తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయానండీ. ఇంగ్లీషులో డెసిషన్ స్పీడ్, పైలట్లు అనేది వీ వన్. దీన్ని తెలుగులో ‘నిర్ణయ వేగం’ అనడం చూశాను, మాటకు మాట చూస్తే తప్పేమీ లేదు. కానీ అది చదివితే ఏమనిపిస్తుందంటే, విమానం ఆ వేగానికి చేరాక పైలట్లు ఆగాలా ఎగరాలా అని అప్పుడు తేల్చుకుంటారని. అసలు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఆపాలనుకుంటే ఆ వేగం దాటకముందే ఆపే పని మొదలైపోవాలి, అంటే చెయ్యి కదిలి థ్రస్ట్ లివర్లు (ఇంజిన్ల శక్తిని పెంచే, తగ్గించే పిడులు) వెనక్కి రావాలి, బ్రేకులు పడాలి. అప్పుడే మిగిలిన రన్‌వేలో విమానం ఆగుతుంది. దాటాక ఒక ఇంజిన్ పోయినా మిగిలినదాంతో పైకి లేవగలదు, ఆగడానికి మాత్రం చోటు చాలకపోవచ్చు.

పైగా ఇది విమానానికొకటి చొప్పున ఉండే అంకె కాదు. బరువు, రన్‌వే పొడవు, తడి, గాలి, ఎండ, అన్నీ చూసి ప్రతి టేకాఫ్‌కీ లెక్కగడతారు.

ఈ తేడా నాకెందుకు ఇంత పట్టిందంటే 1982లో స్పెయిన్‌లోని మలగాలో జరిగిన ప్రమాదం గురించి చదివాను. స్పాంటాక్స్ సంస్థ డీసీ-10, ముందు చక్రం టైరు చీలి విమానం విపరీతంగా అదిరింది. ఇంజిన్లు బాగానే ఉన్నాయి. కెప్టెన్ వీ వన్ దాటాక ఆపడానికి చూశారు, విమానం రన్‌వే చివర దాటి వెళ్లి కాలిపోయింది, 50 మంది పోయారు. ఆ అదురులో, ఆ ఒకటి రెండు సెకన్లలో ఏమనిపించి ఉంటుందో ఊహిస్తేనే టెన్షన్ వస్తుంది. అందుకే ఆయన మీద తీర్పు చెప్పినట్టు కాకుండా రాయాలని ఉంది. అలా రాయాలంటే ముందు ఈ మాట సరిగ్గా ఉండాలి కదా. మీరేమంటారు?

మొదటి జవాబు:
‘గడువు’ వాడి చూడండి. గడువు అనగానే పని దానికి ముందే అయిపోవాలని తెలుగువాళ్లెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంకొకటి, ‘టేకాఫ్ రద్దు’ అని మాత్రం రాయకండి. రద్దు అంటే విమానం అసలు బయల్దేరలేదనుకుంటారు. పరుగు మొదలుపెట్టి మధ్యలో మానుకోవడానికి ‘విరమణ’ నయం.

రెండో జవాబు:
నేను కొన్నాళ్లు విమానాలు నడిపినవాణ్ణి. గడువు బాగుందండీ. మా దగ్గర వీ వన్ అని పిలుపు వినగానే కెప్టెన్ లివర్ల మీంచి చెయ్యి తీసేస్తారు, ఆ తర్వాత అలవాటుగా కూడా వెనక్కి లాగకూడదని. 80 లేదా 100 నాట్ల (విమాన వేగాన్ని కొలిచేది నాట్లలోనే) లోపు చిన్న హెచ్చరిక వచ్చినా ఆపుతాం. అది దాటాక వీ వన్ దాకా అయితే ఇంజిన్ పోవడం, మంట, విమానం ఎగరగలిగేలా లేదనిపించడం, ఇలాంటి కొన్నింటికే. ఇవన్నీ టేకాఫ్‌కి ముందే ఇద్దరం పైకి చెప్పుకుంటాం, కాబట్టి నిర్ణయంలో సగం పరుగు మొదలవకముందే అయిపోయి ఉంటుంది.

మీ వ్యాసంలో ఇంకో మాట కూడా చూసుకోండి. ‘ఇంజిన్ ఆగిపోయింది’, ‘ఇంజిన్ ఆపేశారు’, ఈ రెండూ ఒకటి కాదు. 2015లో తైవాన్‌లోని తైపేలో ట్రాన్స్ఏషియా సంస్థ ఏటీఆర్ విమానం టేకాఫ్ అయిన కాసేపటికి ఒక ఇంజిన్ శక్తినివ్వడం మానేసింది, బాగున్న రెండోదాన్ని పైలట్లే పొరపాటున ఆపేశారు, 43 మంది చనిపోయారు. ‘రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి’ అని రాస్తే అసలు విషయమే కనబడకుండా పోతుంది. అందుకే గాల్లోకి లేచాక తొందరపడొద్దని నేర్పుతారు. ముందు విమానాన్ని నిలకడగా ఎక్కించాలి, సాధారణంగా 400 అడుగులు దాటాకే ఇంజిన్ సంగతి, అప్పుడూ ఏ లివర్ పట్టుకున్నామో రెండో పైలట్ చూసి అవునన్నాకే.

అడిగినవారి జవాబు:
ఆగు, ఆపు తేడా పుట్టినప్పటి నుంచీ వాడుతున్నదే, ఇక్కడ ఇంత ముఖ్యమని తట్టలేదండీ. రాసినదంతా మళ్లీ చూస్తే రెండు చోట్ల ‘ఆగిపోయింది’ అని తప్పుగానే ఉంది, దిద్దాను. మొదటిసారి వచ్చినచోట ‘విరమణ గడువు వేగం’ అని పెట్టి, అదెందుకు గడువో ఒక వాక్యంలో చెప్పి, ఆ తర్వాతంతా వీ వన్ అనే రాస్తాను. కాక్‌పిట్‌లో అరిచే ‘స్టాప్’, ‘గో’ మాత్రం అలాగే ఉంచుతున్నాను, అక్కడ వినబడేవి ఆ మాటలే కాబట్టి.